స్వభావమా, జబ్బా, స్నేహాలా? గంజాయి, దొంగతనాల్లో చిక్కుకున్న పదిహేడేళ్ల అబ్బాయి గురించి

ప్రశ్న: మా పెద్దబ్బాయికి 17 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఒక్కచోట కుదురుగా కూర్చునే రకం కాదు, చేతిలో పని వదిలేసి ఇంకోదాని మీదకు పోయేవాడు. అయినా మంచివాడే అనిపించుకున్నాడు. ఏడాదిన్నరగా పూర్తిగా మారిపోయాడు. క్లాసులు ఎగ్గొడుతున్నాడు. పర్సులో డబ్బు మాయమవుతోంది, అడిగితే కళ్లలోకి చూసి అబద్ధమాడతాడు. గంజాయి తాగుతున్నాడు, సెలవు రోజుల్లో స్నేహితులతో మందు కూడా. పోయిన నెల తమ్ముడి ఫోన్ అమ్మేశాడు. నిలదీస్తే తలుపు గుద్ది చెయ్యి చిట్లించుకున్నాడు. రెండు గంటల తర్వాత నా దగ్గరికొచ్చి వెక్కివెక్కి ఏడ్చాడు, ఇక ముట్టనని నా మీద ఒట్టేశాడు. నాలుగు రోజులకే మళ్లీ మొదలు. వాళ్ల నాన్న చేయి చేసుకుంటారు, నేను ఆయనకు తెలియకుండా దాస్తాను. మొక్కై వంగనిది మానై వంగదు, వీడు నేరస్థుడే అవుతాడు, ఎక్కడైనా సెంటర్లో పడెయ్యండి అంటున్నారు బంధువులు. వీడిది పుట్టుకతో వచ్చిన స్వభావమా, జబ్బా, స్నేహాల ప్రభావమా? మేం ఏం చెయ్యాలి?

సమాధానం: తలుపు గుద్దిన రెండు గంటలకు ఏడ్చాడని, ఒట్టేసిన నాలుగు రోజులకు తప్పాడని రాశారు. ఇంట్లో అందరూ ఆ ఏడుపును నటనగా, ఆ ఒట్టును అబద్ధంగా లెక్కగట్టినట్టున్నారు. అలా అనుకోవడానికి మీకు కారణాలున్నాయి. కానీ ఆ ఏడుపూ నిజమే, ఒట్టు నిలబడకపోవడమూ నిజమే అయ్యే అవకాశం చాలా ఉంది. ఆ రెండూ ఒకే పిల్లవాడిలో ఎలా ఇముడుతున్నాయో అర్థమైతే, మీ వారు కొట్టినా మీరు దాచినా ఎందుకు ఫలితం లేకపోయిందో తెలుస్తుంది. ఏది పనిచేస్తుందో కూడా అక్కడే దొరుకుతుంది.

ముందు బంధువులు వేసిన ముద్ర సంగతి. సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ లోపం, అంటే ఇతరుల హక్కుల్నీ చట్టాన్నీ పదే పదే లెక్కచెయ్యని స్వభావం, అనే నిర్ధారణ 18 ఏళ్లు నిండనివాళ్లకు చెయ్యకూడదు. మానసిక జబ్బుల నిర్ధారణకు వైద్యులు అనుసరించే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో ఉన్న నిబంధన ఇది. 18 నిండినా, 15 ఏళ్ల లోపే ఆ ప్రవర్తన కనిపించి ఉంటేనే ఆ మాట అనాలి. 17 ఏళ్ల పిల్లవాడి విషయంలో వాళ్లు చూసేది కాండక్ట్ డిజార్డర్ (ప్రవర్తన లోపం) ఉందా అని. దౌర్జన్యం, వస్తువులు ధ్వంసం చెయ్యడం, మోసం లేదా దొంగతనం, నియమాలను తీవ్రంగా ఉల్లంఘించడం అనే నాలుగు తరహాల్లో దానికి 15 లక్షణాల జాబితా ఉంది. గడిచిన 12 నెలల్లో వాటిలో కనీసం మూడు, గత 6 నెలల్లో కనీసం ఒకటి కనిపించాలి. మీ అబ్బాయికి అది ఉందో లేదో ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన వైద్యులే చెప్పాలి.

ఇంట్లోనే మీరు జవాబు వెతుక్కోగల ప్రశ్న ఒకటుంది. ఇదంతా ఎప్పుడు మొదలైంది? పదేళ్లు నిండకముందే తోటి పిల్లల్ని కావాలని గాయపరచడం, జంతువుల్ని హింసించడం, నిప్పు పెట్టడం, బెదిరించి లాక్కోవడం లాంటివి ఉన్నాయా, లేక 15, 16 ఏళ్లప్పుడు కొత్త స్నేహాలతో పాటు మొదలైందా? మనస్తత్వ శాస్త్రవేత్త టెర్రీ మాఫిట్ 1993లో ఈ తేడాను ఆధారం చేసుకునే ఇలాంటి పిల్లల్ని రెండు దారులుగా విడదీసి చూపించింది. చాలా చిన్న వయసులో మొదలై పెద్దయ్యాక కూడా కొనసాగేది ఒక దారి, అందులో ఉండేది కొద్దిమంది. యౌవనంలో మొదలై ఇరవైల్లో చాలావరకు సద్దుమణిగేది రెండోది, ఎక్కువమంది ఇందులోనే ఉంటారు. అంతకు ముందే, 1966లో ప్రకటించిన అధ్యయనంలో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఒక పిల్లల మానసిక చికిత్సాలయానికి వచ్చిన 524 మందిని ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూసింది. చిన్నప్పుడు తీవ్రంగా సంఘ వ్యతిరేకంగా ప్రవర్తించినవాళ్లలో కూడా సగానికి పైగా పెద్దయ్యాక అలా మిగల్లేదు. మీ బంధువులు చెప్పిన సామెత ఈ విషయంలో తప్పు.

అయితే 'వయసు పోతే అదే పోతుంది' అని ఊరుకోవడమూ ప్రమాదమే. సద్దుమణగాల్సిన పిల్లల్ని అక్కడే పట్టి ఉంచే ఉచ్చులు కొన్ని ఉన్నాయి. చదువు మధ్యలో ఆగిపోవడం, పోలీసు కేసు, వ్యసనం ముదరడం, ఇంటితో సంబంధం తెగిపోవడం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972, 1973లలో పుట్టిన 1,037 మందిని పుట్టినప్పటి నుంచీ గమనిస్తున్నారు. నిగ్రహం తక్కువగా ఉన్న పిల్లలకు 32 ఏళ్లు వచ్చేసరికి ఆరోగ్యం, డబ్బు, చట్టంతో ఇబ్బందులు ఎక్కువయ్యాయని 2011లో ప్రకటించారు. ఆ నష్టంలో కొంత భాగం యౌవనంలో ఇలాంటి ఉచ్చుల్లో పడటం వల్లే వచ్చిందని కూడా అదే పరిశోధన తేల్చింది. కాబట్టి రాబోయే రెండు మూడేళ్లలో మీ మొదటి పని అతన్ని మంచివాడిగా మార్చడం కాదు, ఆ ఉచ్చుల్లో పడనివ్వకపోవడం. ఇంట్లోంచి గెంటెయ్యాలన్న ఆలోచన వచ్చినప్పుడు, చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడదామని మీ వారు అన్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆ రెండూ మీ చేతులతో మీరే వేసే ఉచ్చులు అవుతాయి.

ఇక దుడుకుతనం. అందరూ దాన్ని ఒకే గుణం అనుకుంటారు కానీ 2001లో వైట్‌సైడ్, లైనమ్ అనే పరిశోధకులు అందులో నాలుగు వేర్వేరు సంగతులున్నాయని చూపించారు. కోపం, అవమానం, దిగులు తట్టుకోలేక అప్పటికప్పుడు ఏదో ఒకటి చేసెయ్యడం మొదటిది. పర్యవసానం ఆలోచించకుండా దిగిపోవడం రెండోది. మొదలుపెట్టిన పని మీద నిలబడలేకపోవడం మూడోది. కొత్త ఉత్సాహం కోసం వెంపర్లాడటం నాలుగోది. వీటికి మందు ఒకటే కాదు. ఉత్సాహం కోసం వెళ్లేవాడికి కాస్త సాహసం, వేగం ఉన్న ఆటో పనో దొరికితే చాలాసార్లు సరిపోతుంది. పని మీద నిలబడలేనివాడికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లోపించే సమస్య) ఉందేమో చూడాలి. చిన్నప్పటి నుంచీ కుదురు లేదని రాశారు కనుక మీ అబ్బాయికి ఆ పరీక్ష తప్పకుండా జరగాలి. మాదకద్రవ్యాలతో అసలు చిక్కు తెచ్చిపెట్టేది ముఖ్యంగా మొదటి రకం. తిట్టిన పది నిమిషాలకు తలుపు గుద్దడం, గొడవైన రాత్రే గంజాయికి వెళ్లడం ఆ కోవలోవి. అలాంటివాడు సుఖం కోసం కన్నా ఆ క్షణంలోని బాధను ఆపడం కోసమే ఎక్కువ తాగుతాడు. ఇది మీ ఇంట్లో ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, గంట, దానికి ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, తర్వాత మీరందరూ ఏం చేశారు. ఒక్కో సంఘటనకు నాలుగు వరుసలు చాలు. వైద్యులకు మీరు ఇవ్వగల అతి విలువైన కాగితం అదే.

ఒట్టు ఎందుకు నిలబడలేదో చూద్దాం. రేపటి పెద్ద లాభం కన్నా ఇప్పటి చిన్న లాభం ఎక్కువగా కనబడటం అందరిలోనూ ఉంటుంది. కొందరిలో ఆ వాలు చాలా ఏటవాలుగా ఉంటుంది. ఓపియాయిడ్‌లకు, అంటే నల్లమందు జాతి మత్తుపదార్థాలకు, బానిసలైనవాళ్లలో అది మిగతావాళ్ల కన్నా ఎక్కువని 1997లో కొలిచి చూపించారు. తర్వాత మద్యం, సిగరెట్ల విషయంలోనూ అదే తేలింది. ఏడుస్తూ ఒట్టేసినప్పుడు గంజాయి దూరంగా ఉంది, అమ్మ దగ్గరగా ఉంది. ఆ క్షణంలో అతను నిజమే చెప్పాడు. నాలుగో రోజు సాయంత్రం స్నేహితుడు పక్కన నిలబడ్డాడు, అమ్మ దూరమైంది. పైగా ఈ వయసులో తోటివాళ్లు చూస్తుంటే తెగింపు పెరుగుతుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మందితో కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించారు. స్నేహితులు పక్కనున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్లవాళ్లు బాగా ఎక్కువ తెగించారు, 24 దాటినవాళ్లలో మాత్రం ఆ తేడా లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం గుంపులో నిలబడకపోవడానికి కారణం ఇదే.

శిక్ష విషయంలోనూ జరిగేది ఇంతే. మీ వారు కొట్టేది ఎప్పుడు? డబ్బు పోయిన రెండు రోజులకు, నిజం బయటపడ్డాక. డబ్బు తీసినప్పటి హాయి అప్పుడే అందిపోయింది. దెబ్బ మాత్రం నిజం ఒప్పుకున్న క్షణం మీద పడింది. దాంతో ఆ అబ్బాయి నేర్చుకున్న పాఠం 'దొరకకూడదు, ఒప్పుకోకూడదు' అన్నది. కళ్లలోకి చూసి అబద్ధమాడటం అలా అలవాటైన నేర్పే. మీరు దాచడం దానికి రెండో సగం. తప్పుకు, దాని ఫలితానికి మధ్య ఉండాల్సిన దారిని మీరు మూసేస్తున్నారు. ఒక్కోసారి ఏమీ జరగదు, ఒక్కోసారి రక్తం వచ్చేలా జరుగుతుంది. ఇంత అస్థిరంగా ఉంటే ఎవరైనా 'ఈసారి తప్పించుకోవచ్చు' అనే అనుకుంటారు.

మనస్తత్వ శాస్త్రవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలోకి వెళ్లి కుటుంబాలను గమనించి చెప్పిన ఒక వలయం ఉంది. మీరు ఏదో అడుగుతారు, అతను అరుస్తాడు, మీరు గొడవెందుకని తగ్గుతారు, అరుపు ఆగుతుంది. అరిస్తే పని జరుగుతుందని అతనికి తెలిసింది. తగ్గితే శాంతి దొరుకుతుందని మీకు తెలిసింది. ఇలా ఇద్దరూ ఒకరికొకరు శిక్షణ ఇచ్చుకుంటారు. కొన్నాళ్లకు అరుపు సరిపోక తలుపు గుద్దే దాకా వస్తుంది. ఇందులో ఎవరి చెడ్డతనమూ అక్కర్లేదు. మీరు బలహీనమైన తల్లి అనుకోవద్దు.

నాలుగు రోజులు అనే లెక్కకు ఇంకో కారణం కూడా ఉంది. రోజూ గంజాయి తాగేవాడు ఆపితే 1 నుంచి 3 రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, చెమటలు, అశాంతి మొదలవుతాయి. మొదటి వారంలో అవి తారస్థాయికి చేరి, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. నిద్ర, పీడకలల ఇబ్బంది నెల దాటి కూడా ఉండొచ్చు. ఆపిన నాలుగో రోజు అంటే సరిగ్గా కష్టం ముదిరిన రోజు. ఆ చిరాకు చూసి 'మానేశానంటాడు, పొగరు మాత్రం తగ్గలేదు' అని ఇంట్లో ఎవరో ఒక మాట అంటారు, గొడవవుతుంది, వెళ్లిపోతాడు. ఈసారి ఆపితే రెండో రోజు నుంచి పదో రోజు దాకా ఇంట్లో ఏ పంచాయితీ పెట్టకండి. చదువు గురించి, పాత దొంగతనం గురించి మాట ఎత్తకండి. తినాల్సినవి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి, పగలు బాగా నడవనివ్వండి, మధ్యాహ్నం నిద్ర వద్దనండి. మీ అంతట మీరు నిద్ర మాత్రలు మాత్రం ఇవ్వకండి, ఒక అలవాటు పోయి ఇంకోటి వస్తుంది. మద్యం వేరే రకంగా చేటు చేస్తుంది. అది దృష్టిని కళ్ల ముందున్న దాని మీదకే కుదించేస్తుంది, రేపు ఏమవుతుందన్నది కనబడనివ్వదు. ముందే దుడుకుగా ఉన్నవాడికి మిగిలిన ఆ కాస్త వెనకాడటం కూడా పోతుంది. మత్తులో ఉన్నవాడితో వాదన పెట్టుకోవద్దని వైద్యులు చెప్పేది అందుకే. ఆ రాత్రి పడుకోనివ్వండి, మాట మర్నాటిది.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. మొదట మీరూ మీ వారూ, అబ్బాయి లేనప్పుడు, కూర్చుని ఒకే మాట మీదకు రావాలి. ఆయన కొట్టడం, మీరు దాచడం రెండూ ఒకే రోజు ఆగాలి. ఒకటి ఆగి ఒకటి కొనసాగితే మీ ఇద్దరి మధ్య గొడవ తప్ప ఏమీ మిగలదు. తర్వాత నియమాలు మూడే పెట్టండి, పదిహేను పెట్టకండి. నియమం అంటే జరిగిందో లేదో ఎవరు చూసినా చెప్పగలిగేది. 'బుద్ధిగా ఉండాలి' అన్నది నియమం కాదు. 'రాత్రి 9 గంటలకు ఇంట్లో ఉండాలి', 'ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు, వస్తువు పగలగొట్టకూడదు', 'రోజూ క్లాసుకు వెళ్లాలి' అన్నవి నియమాలు. ఒక్కోదానికి ఫలితం ముందే చెప్పండి. అది చిన్నదిగా ఉండాలి, ఆ రోజే మొదలవ్వాలి, 24 గంటల్లో ముగియాలి. నెల రోజులు ఫోన్ లాక్కోవడం చాలామంది చేసే పొరపాటు. రెండో రోజు నుంచి పోగొట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ ఉండదు, కనుక ఆగడానికి కారణమూ ఉండదు. ఒక్క రోజు తీసుకుని మర్నాడు ఇచ్చేస్తే, మళ్లీ పోగొట్టుకునేది ఉంటుంది.

శిక్ష కన్నా ఎక్కువ బరువు మంచి రోజుల మీద పెట్టండి. మూడు నియమాలూ పాటించిన రోజు రాత్రే ఏదో ఒకటి దక్కాలి. అతనికి నిజంగా ఇష్టమైనది, చిన్నది, నగదు కానిది. అదనంగా ఒక గంట ఫోనో, వారాంతంలో తనకు కావలసిన చోటికి వెళ్లడానికి అనుమతో. వరుసగా మంచి రోజులు గడిచేకొద్దీ అది కొంచెం పెరగాలి, తప్పిన రోజు మళ్లీ మొదటికి రావాలి. 'చెయ్యాల్సిన పని చేసినందుకు బహుమానమా?' అని మీ వారు అడగొచ్చు, అడగాల్సిన ప్రశ్నే. మత్తు ఇచ్చే లాభం వెంటనే అందుతుంది. దానితో పోటీ పడాలంటే ఇదీ వెంటనే అందాలి. డీఅడిక్షన్ చికిత్సల్లో ఈ పద్ధతికి గట్టి ఆధారాలున్నాయి.

మూత్ర పరీక్ష కిట్లు తెచ్చి ఇంట్లో పరీక్షలు పెట్టకండి. రోజూ తాగినవాడు పూర్తిగా మానేసినా గంజాయి ఆనవాళ్లు వారాల తరబడి కనబడతాయి. నిజంగా మానేసినవాణ్ని అబద్ధాలకోరని తేల్చేస్తే ఆ రోజే మళ్లీ మొదలవుతుంది. పరీక్ష అవసరమైతే వైద్యులు చేసి, వాళ్లే అర్థం చెప్పాలి.

ఒక హెచ్చరిక. ఇదంతా మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు పరిస్థితి ఇంకా దిగజారినట్టు ఉంటుంది. ఇంతకాలం అరిస్తే పని జరిగింది, ఇప్పుడు జరగట్లేదు, కనుక ఇంకా గట్టిగా అరిచి చూస్తాడు. చాలా కుటుంబాలు సరిగ్గా అక్కడే లొంగిపోతాయి. లొంగితే ఇంకా పెద్ద అరుపుకే ఫలితం దక్కినట్టు. ఆ రోజులకు ముందే సిద్ధపడండి. చెప్పాల్సినది ఒక్కసారే, తక్కువ గొంతుతో, పది మాటల్లోపు చెప్పండి. గొంతులు లేస్తే 'ఇరవై నిమిషాల తర్వాత మాట్లాడదాం' అని మీరే గది మారండి, ఇరవై నిమిషాలకు తప్పకుండా తిరిగి రండి. మనిషి మీద చెయ్యి లేస్తే మాత్రం మాట అక్కర్లేదు. చిన్నవాణ్ని తీసుకుని బయటికి వచ్చి సాయం పిలవండి.

అమ్మేసిన ఫోన్ సంగతి వదిలెయ్యకండి. క్షమాపణ చెప్పించి వదిలేస్తే అది మాటగానే మిగులుతుంది. ఖరీదును చిన్న వాయిదాలుగా విడగొట్టి, ఇంట్లో గంటల లెక్కన చేసే పనితోనో, వారాంతపు చిన్న ఉద్యోగంతోనో తీర్చనివ్వండి. ఆ లెక్క ఇంటి నలుగురి మధ్యే ఉండాలి, బంధువుల ముందు పెట్టకండి. తీర్చడం మొదలుపెట్టాడా లేదా అన్నది ఆ ఏడుపు ఎంత నిజమో కూడా మీకు చెబుతుంది. పశ్చాత్తాపాన్ని కన్నీళ్లను బట్టి కాకుండా తర్వాతి వారం చేసిన పనిని బట్టి చూడాలి. కొందరు పిల్లల్లో ఏడాది పాటు, ఒకటి కన్నా ఎక్కువ చోట్ల, తప్పు చేశామన్న బాధ లేకపోవడం, ఎదుటివాడి నొప్పి పట్టకపోవడం, చదువులో పనిలో ఎలా చేస్తున్నామన్న పట్టింపు లేకపోవడం, పైపై భావాలే తప్ప లోతు లేకపోవడం అనే నాలుగింటిలో కనీసం రెండు కనిపిస్తాయి. వాళ్లకు నిపుణుల సాయం ఇంకా తొందరగా కావాలి. అలాంటి పిల్లల మీద శిక్ష దాదాపు పనిచెయ్యదు, బహుమానం మాత్రం కొంత పనిచేస్తుంది. మీరు రాసినది ఆ చిత్రంలా లేదు.

మాట్లాడటానికి మత్తు లేని, గొడవ జరగని సమయం చూసుకోండి. పది నిమిషాలు చాలు. 'నాన్నా, గంజాయి తాగితే నీకేం బాగుంటుంది?' అని అడిగి, జవాబు పూర్తయ్యే దాకా వినండి. తర్వాత 'దాంతో నీకు నచ్చనిది ఏమైనా ఉందా?' అనండి. 'మానాలని ఎంత ఉంది, సున్నా నుంచి పదిలో?' అని అడిగితే మూడు అన్నాడనుకోండి. 'మూడేనా!' అనకండి. 'సున్నా ఎందుకు కాదు?' అనండి. అప్పుడు మానడానికి కారణాలు అతని నోటితోనే వస్తాయి. మనిషిని కదిలించేవి తను చెప్పుకున్న కారణాలే. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన సంభాషణ పద్ధతికి మూలం ఇదే. అక్కడితో ఆపండి, ఉపన్యాసం జోడించకండి.

అతనికీ కొన్ని పనిముట్లు కావాలి. 'ఇక ముట్టను' అన్న పెద్ద ఒట్టుకు బదులు, 'ఇలా జరిగితే ఇలా చేస్తాను' అన్న చిన్న ఒప్పందాలు మూడు నాలుగు తన చేతులతో రాయించండి. 'వాడు ఫోన్ చేసి రమ్మంటే, ఇవాళ రానని చెప్పి తమ్ముడితో బయటికి వెళ్తాను.' 'నాన్న మీద కోపమొస్తే, చెప్పులేసుకుని నడుస్తాను.' ఆ క్షణం వచ్చేసరికి ఆలోచించుకునే ఓపిక ఉండదు కనుక ఆలోచన ముందే అయిపోవాలి. కోరిక అల ఎక్కువసార్లు పావుగంట నుంచి అరగంటలో దానంతటదే తగ్గుతుందని చెప్పండి. అప్పటి దాకా గడపడమే పని. చేతిలో నగదు ఉండకపోవడం, కొన్ని నంబర్లు ఫోన్లోంచి తీసెయ్యడం, ఇంటికి వచ్చే దారి మార్చుకోవడం చిన్నవిగా కనబడతాయి కానీ చాలా ఉపయోగపడతాయి. ఒకసారి తప్పితే 'ఇక నా వల్ల కాదు' అనుకుని పూర్తిగా జారిపోవడం మామూలు. ఆ రోజు మీ నోటి నుంచి రావాల్సింది 'ఎనిమిది రోజులు ఆపగలిగావు, తొమ్మిదో రోజు ఏం జరిగింది?' అన్న ప్రశ్న. 'మళ్లీ తాగావా' కాదు.

సెంటర్ గురించి. సంకెళ్లు, దెబ్బలు, నెలల తరబడి ఇంటివాళ్లను కలవనివ్వకపోవడం ఉన్న చోటికి ఏ పరిస్థితిలోనూ పంపకండి. జైలు చూపించి భయపెట్టే కార్యక్రమాల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వాటికి వెళ్లిన పిల్లలు వెళ్లనివాళ్ల కన్నా ఎక్కువ నేరాలు చేశారు. ఇలాంటి పిల్లల్నే ఒకచోట చేర్చి గ్రూపులు నడిపితే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని ఇంకా చెడే ప్రమాదం ఉందని డిషన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1999లో హెచ్చరించారు. ఈ వయసులో మంచి ఆధారాలున్నవి కుటుంబంతో కలిసి చేసే చికిత్సలే. చేర్పించక తప్పని పరిస్థితి వస్తే సైకియాట్రిస్టు రోజూ చూస్తారా, మీరు కలవొచ్చా, బయటికి వచ్చాక వారం వారం ఎవరు చూస్తారు అని ముందే అడగండి. మూడో ప్రశ్నకు జవాబు లేని చోట చేర్చి లాభం లేదు.

వైద్యుల దగ్గరికి రానంటే మీరే వెళ్లండి. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి, వాళ్ల ద్వారా తాగేవాళ్లను చికిత్సకు రప్పించే క్రాఫ్ట్ అనే పద్ధతి ఉంది. చికిత్స వద్దంటున్న తాగుబోతుల కుటుంబాలతో 1999లో చేసిన ప్రయోగంలో దీనివల్ల 64 శాతం మంది చికిత్సకు వచ్చారు. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో వచ్చింది 30 శాతమే. పిల్లల సైకియాట్రిస్టు ఉంటే వాళ్లనే ఎంచుకోండి. ఏడీహెచ్‌డీ, దిగులు జబ్బు, చదువులో లోపం, తలకు దెబ్బ, ఎవరైనా హింసించడం లేదా లైంగికంగా వేధించడం జరిగిందా అన్నవి చూడమని అడగండి. ఏడాదిన్నరలో 'పూర్తిగా మారిపోయాడు' అన్నారు, దాని వెనక ఏదో ఒక సంఘటన ఉండొచ్చు. వైద్యులు అతనితో ఒంటరిగా మాట్లాడనివ్వండి, లోపల ఏం చెప్పాడని తర్వాత గుచ్చిగుచ్చి అడగకండి. ఏడీహెచ్‌డీ ఉందని తేలితే మాత్రలకు భయపడొద్దు. సరిగ్గా వాడితే అవి వ్యసనాన్ని పెంచుతాయనడానికి ఆధారం లేదు. గంజాయి వ్యసనానికి ఇంతవరకూ ఆమోదం పొందిన మాత్ర లేదు, ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు ఇవి. రోజూ తాగుతూ మద్యం ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, 48 గంటల్లోపు ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమణం రావొచ్చు. ప్రాణం పోయే అవకాశముంది. నిద్ర మాత్రలకు అలవాటు పడ్డవాళ్లూ ఒక్కసారిగా ఆపకూడదు. మీ అబ్బాయి సెలవు రోజుల్లోనే తాగుతున్నాడంటున్నారు, అది నిజమో కాదో నెమ్మదిగా అడగండి. నల్లమందు జాతి మాత్రలు లేదా ఇంజెక్షన్ల అనుమానం ఉంటే, పిలిచినా లేవకపోవడం, శ్వాస బాగా మందగించడం, పెదాలు నీలంగా మారడం, కనుపాప సూదిమొనంత కావడం చూసిన వెంటనే అంబులెన్సు పిలిచి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆ మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ ఉంటే ఇవ్వండి. కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదే తీసుకున్నప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనడం మొదలైతే గంజాయి మత్తేలే అని వదిలెయ్యకుండా ఆ రెండు మూడు రోజుల్లోనే చూపించండి. చచ్చిపోతానన్న మాట వస్తే సూటిగా అడగండి, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లో ఉన్న మాత్రలు, మందులు ఇవాళే తాళం వేసి పెట్టండి.

చిన్నవాడి మాట మీ ఉత్తరంలో ఒక్కసారే వచ్చింది. పోయిన ఫోన్‌కు బదులు మీరు వాడికి ఒకటి ఇవ్వండి, అన్న తీర్చే దాకా వాడు ఎదురుచూడనక్కర్లేదు. అన్న మీద నిఘా పని వాడికి అప్పగించకండి, 'అన్నలా తయారవకు' అని రోజూ చెప్పకండి. వారంలో ఒక గంట వాడితో మీరు ఒక్కరే గడపండి, ఆ గంటలో అన్న ప్రస్తావన రాకుండా. పడుకునే గదికి లోపల గడియ ఉండేలా చూడండి.